చెయ్యెత్తితే ఆగిపోయే మనిషి

మా టిమోతి బావ నాచారంలో మందుల ఫ్యాక్టరీలో ప్యాకింగ్ పని చేస్తాడు. ఆదివారం చర్చిలో డ్రమ్స్ వాయిస్తాడు. ఇరవై ఏళ్లుగా ఆయన చూపు పాస్టరుగారి చేతి మీదే. ఆ చెయ్యి లేచిందంటే ప్రార్థన మొదలైనట్టు. పాట ఎక్కడున్నా సరే, బావ చేతులు టక్కున ఆగిపోతాయి.

మా ప్రోగ్రెసివ్ రాక్ బ్యాండుకు కూడా డ్రమ్స్ బావే. మేం చేస్తున్న ఆల్బమ్‌లో చివరి పాట పద్దెనిమిది నిమిషాలు. తాళం కాసేపు ఏడు దెబ్బలు, కాసేపు ఐదు. ఉప్పల్ స్టూడియోలో ఆ ఉదయం రెండుసార్లు మొదలుపెట్టాం. మొదటిసారి కీబోర్డు వాయించే షైనీ చెయ్యెత్తి జుట్టు సర్దుకుంది. బావ ఆగిపోయాడు. రెండోసారి నేను నుదుటి చెమట తుడుచుకున్నాను. మళ్లీ ఆగిపోయాడు. నాకు ఒళ్లు మండింది.

"ఏంది బావా, ఇది చర్చి అనుకుంటున్నవా?" అన్నాను. అందరి ముందూ అలా అనకుండా ఉండాల్సింది.

రికార్డింగ్ చేసే జీవన్ గడియారం చూశాడు. "టిమోతన్నా, ఒంటిగంటకు వేరేటోళ్లు వస్తున్నరు. ఇంకొక్కసారే. కాకుంటే మీ డ్రమ్స్ తీసేసి కంప్యూటర్‌ల పెట్టుకుందాం."

మూడేళ్లుగా డ్యూటీ నుంచి రాగానే, అన్నం కూడా తినకుండా ఈ పాట సాధన చేసిన మనిషి. బావ ముఖం నల్లబడింది. లేచి డ్రమ్స్ ఒక్కొక్కటే గోడవైపు తిప్పుకున్నాడు.

"జర మైకులు గూడ తిప్పు తమ్మీ," అన్నాడు జీవన్‌తో. ఇక మాకు ఆయన వీపు తప్ప ఏమీ కనబడలేదు.

పదకొండో నిమిషంలో లెక్క తప్పింది. తప్పింది బావ కాదు, నేను. ఏడుకు బదులు ఎనిమిది లెక్కపెట్టి, నా బేస్ గిటార్‌తో ఎక్కడ అందుకోవాలో తెలియక చెయ్యెత్తేశాను. షైనీ కూడా ఆగిపోయింది. బావ హెడ్‌ఫోన్లలో మేమిద్దరం మాయమైపోయాం. ఆయన భుజాలు బిగుసుకున్నాయి. తిరిగి నా చెయ్యి చూస్తే అంతే, ఆగిపోతాడు, ఇక కంప్యూటరే. ఎత్తిన చెయ్యి మెల్లగా దించుకున్నాను.

తిరగలేదు. ఏడు నిమిషాలు, తోడు ఎవరూ లేకుండా, తల ఊపి లెక్కపెట్టుకుంటూ చివరిదాకా వాయించాడు.

జీవన్ తలుపు తోసుకుని వచ్చాడు. "డ్రమ్స్ మొత్తం వచ్చినయ్ అన్నా! ఒక్క తప్పు లేదు. వీళ్లిద్దరియి తర్వాత ఏసుకుందాం."

బావ అప్పుడు మావైపు తిరిగాడు. చొక్కా తడిసి ఒంటికి అతుక్కుపోయింది.

"నువ్వు ఆగినవని సమజైంది బెన్నీ," అన్నాడు. "గీ ఒక్కసారి ఆగబుద్ధి కాలే."

నాకు తల తీసేసినట్టయింది.

మరుసటి వారం ఆ ఏడు నిమిషాలకు నా బేస్ సరిగ్గా కుదరడానికి పద్నాలుగు సార్లు పట్టింది. పద్నాలుగు సార్లూ బావ నా పక్కనే కూర్చున్నాడు. ఒక్క మాట అనలేదు.