మరిది తెచ్చిన క్యామ్‌షాఫ్ట్

ఆవిడను అసలు పేరుతో పిలిచేవాళ్లు ఏనాడో తగ్గిపోయారు. ఊళ్లో సగం మందికి స్టీరింగ్ పట్టడం నేర్పింది ఆవిడే. పాఠం పాఠానికీ "క్లచ్ మెల్లిగా వదలమ్మా, క్లచ్" అంటుంటే, ఎవరో కొంటె శిష్యుడు క్లచ్చమ్మ అన్నాడు. ఆ పేరే అతుక్కుపోయింది. ఆవిడ భర్త దర్జీ. పెళ్లయిన కొత్తలో భార్య దగ్గర డ్రైవింగ్ నేర్చుకోబోయి, ప్రహరీగోడకు గుద్ది, "నాకు సూదీ దారం చాలు" అని దండం పెట్టి దిగిపోయిన మనిషి.

కారు పాతది. గుండ్రటి ముక్కు, బరువైన తలుపులు. నేర్చుకునేవాళ్ల చేతుల్లో నానా అగచాట్లు పడీ పడీ, ఒక వానాకాలం టకటకమని చప్పుడు చేస్తూ మిట్ట ఎక్కలేక చతికిలబడింది. ఇంటి వెనకే మరిది షెడ్డు. భర్త తమ్ముడైన ఆ మెకానిక్ ఇంజన్ దించి, విప్పి, క్యామ్‌షాఫ్ట్‌ను గుడ్డ మీద పరిచి వదినను కేకేశాడు. మూరెడు పైచిలుకు ఇనుప కడ్డీ. దాని పొడవునా కోడిగుడ్డు వాటంగా పొడుచుకొచ్చిన మొనలు. అందులో రెండు అరిగి బోడిగా ఉన్నాయి.

"ఈ మొన పైకి తిరిగినప్పుడల్లా ఒక వాల్వు తెరుచుకుంటుంది వదినా. మొనే అరిగిపోతే తలుపు ఓరగా తీసినట్టే. ఇక ఇంజన్‌కి ఊపిరి ఎలా ఆడుతుంది?"

"అయితే కొత్తది తెప్పించు. శిష్యులు కాచుక్కూర్చున్నారు."

తెప్పించాడు. దాంతోపాటు ఒక కార్డు వచ్చింది, నిండా అంకెలు. ఆవిడ చూడబోతే, "మంచి సరుకు వదినా, చూడక్కర్లేదు" అని జేబులో పెట్టుకున్నాడు. అప్పుడే ఆవిడకు అనుమానం రావాల్సింది. రాలేదు.

ఇంజన్ మళ్లీ ఎక్కింది. ఇంజన్ ఆపకుండా నిలబెడితే మాత్రం గుడగుడమంటూ కారంతా వణికేది. శిష్యులు క్లచ్ వదలడం ఆలస్యం, ఆగిపోయేది. వాళ్లలో ఒక నర్సు ఉండేది. ఎంత మొండి రోగినైనా కసిరి సూది వేయగలదు, కారెక్కితే మాత్రం చేతులు చెమటలు పట్టేవి. బజారు మిట్ట మీద బండి ఆమె చేతిలో మళ్లీ మళ్లీ ఆగింది. వెనక హారన్లు. ఆమె స్టీరింగ్ మీద తల వాల్చి, "ఇది నా వల్ల కాదు టీచరుగారూ, మానేస్తాను" అంది.

క్లచ్చమ్మ ఆమెను పక్కకు జరిపి తానే కూర్చుంది. ఆవిడ చేతిలోనూ ఆగిపోయింది.

తిన్నగా షెడ్డుకు వెళ్లింది. "ఆ కార్డు ఇటివ్వు. ఒక్కో అంకె అర్థమయ్యేదాకా ఇక్కణ్నుంచి కదలను."

మరిది మసి చేతులు తుడుచుకుని పక్కన కూర్చున్నాడు. "ఇది లిఫ్టు. తలుపు ఎంత తెరుచుకుంటుందో చెప్తుంది. పాతదానికన్నా ఎక్కువ. ఇది డ్యూరేషన్. ఎంతసేపు తెరిచి ఉంటుందో, ఇంజన్ ఇరుసు తిరిగే డిగ్రీల్లో. పాతది రెండు వందల నలభై డిగ్రీలు, ఇది రెండు వందల ఎనభై."

"ఎక్కువుంటే మంచిదేగా?"

"అక్కడే ఉంది తిరకాసు. పొగ పోయే తలుపు మూసుకోకముందే గాలి వచ్చే తలుపు తెరుచుకుంటుంది. రెండూ కలిసి తెరిచి ఉండేది కాసేపే. దాన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. ఇంజన్ జోరుగా తిరిగితే ఆ ఊపుకి పొగ బయటికి పోతూ కొత్త గాలిని లాక్కొస్తుంది. మెల్లిగా తిరిగితే ఆ ఊపుండదు. పొగ వెనక్కి తన్ని గాలిలో కలిసిపోతుంది. మంట సరిగ్గా అంటుకోదు. అందుకే ఆ గుడగుడ."

"అంటే పరిగెడితేనే ఊపిరాడే రకం."

"అంతే వదినా."

"నా దగ్గరికొచ్చేది తప్పటడుగులు వేసేవాళ్లు కదయ్యా."

అతను కార్డు మడిచి పక్కన పెట్టాడు. "తెలుసు. తెలిసే పెట్టాను. చిన్నప్పుడు రేసు కార్ల షెడ్డులో టైర్లు మోశాను. వాటి చప్పుడు విన్నానే గాని ఒక్కసారీ లోపల కూర్చోలేదు. మన కారుకి ఆ గొంతు వస్తే ఎలా ఉంటుందో చూద్దామని బుద్ధి పుట్టింది. తప్పే. రేపే విప్పేస్తాను."

తిట్టడానికి వచ్చిన ఆవిడకు తిట్టు రాలేదు. ఊళ్లో అందరి బళ్లూ బాగుచేసే ఈ మనిషి తనకంటూ ఏదీ అడగ్గా ఆవిడ ఎన్నడూ వినలేదు.

"విప్పుదువుగానిలే. ముందు దాని పరుగేదో చూద్దాం పద."

మర్నాడు పొద్దున్నే మూతపడ్డ మిల్లు వెనక రోడ్డుకు వెళ్లారు. తిన్నని రోడ్డు, నరపురుగు లేదు. స్టీరింగ్ దగ్గర అతను, పక్కన టీచరు సీట్లో ఆవిడ. ఆ సీటు ముందు ఆవిడకు వేరే బ్రేకు ఉండేది. మొదట కారు దగ్గుతూ, తడబడుతూ కదిలింది. మూడో గేరులో బాగా తొక్కాక ఒక్కసారిగా గొంతు మారింది. గుడగుడ పోయి సన్నటి, తెరిపి లేని అరుపు. చెట్లు వెనక్కి పరిగెత్తాయి. మరిది పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. నెరిసిన జుట్టు గాలికి లేచి, పదేళ్ల పిల్లాడిలా ఉన్నాడు. ఆవిడ కాలు బ్రేకు మీదే ఉంది. నొక్కలేదు.

రోడ్డు చివర ఆపి, స్టీరింగ్ మీంచి చేతులు తీయకుండా అలాగే కూర్చున్నాడు. "చాలు వదినా" అన్నాడు చివరికి.

పాత కొలతల క్యామ్, దాని మొనల కింద నలిగే ట్యాపెట్లు కూడా కొత్తవి తెప్పించి తనే బిగించాడు. డిగ్రీలు గీసిన బిళ్లను క్రాంకు అనే ఆ ఇరుసు కొసకు తగిలించి, ముల్లు ఎక్కడుందో ఆవిడ చదివి చెప్తుంటే, తలుపులు తెరిచే వేళ సరిచూశాడు. నర్సు మానలేదు. బజారు మిట్ట ఎక్కి, దిగి, నమ్మకం చాలక మళ్లీ ఎక్కింది.

ఆ ఉదయం ఎంత వేగంగా వెళ్లారని భర్త అడిగితే, "కుట్టు మిషను కన్నా కాస్త ఎక్కువ" అని ఊరుకుంది.

మరిది పోయి చాలా ఏళ్లయింది. కారూ పోయింది. ఆవిడ కళ్లు మసకబారి పాఠాలు మానేసింది. ఎక్కడికి వెళ్లాలన్నా శిష్యుల్లో ఎవరో ఒకరు తీసుకెళతారు. టీచరు పక్కనుంటే అందరూ బుద్ధిగా, నెమ్మదిగా నడుపుతారు. ఎదురుగా ఖాళీ రోడ్డు కనిపించినప్పుడు ఆవిడ కిటికీ అద్దం దించి, "కొంచెం తొక్కు నాయనా" అంటుంది. పరీక్ష పెడుతోందనుకుని వాళ్లు ఇంకాస్త నెమ్మదిస్తారు.