లంగరు బ్యాడ్జి

సీతమ్మధార ఇంట్లో నాన్న ట్రంకుపెట్టె తెరవగానే కలరా ఉండల వాసన గుప్పుమంది. ఆయన నేవీ ఆఫీసరు కోటు లోపలి జేబులో పాత లంగరు బ్యాడ్జి దొరికింది.

అది నాన్న చొక్కా మీదున్న రోజుల్లో నాకు ఏడేళ్ళు. నాన్న సెయిలర్. ఆఫీసరు శిక్షణకు ఎంపికయ్యాడు. అకాడమీలో సెయిలర్ హోదా గుర్తయిన ఆ బ్యాడ్జి ఉండకూడదని, నాన్న తెల్లచొక్కా చేతిమీంచి అమ్మ బ్లేడుతో కుట్లు తెంపి తీసేసింది. నాన్నను ఉద్యోగంలోంచి తీసేశారనుకుని, నేను ఏడుస్తూ నల్లదారంతో మళ్ళీ కుట్టేశాను.

"ఏటే, ఇలగ సేసినావు?" అని అమ్మ కేకలేసింది.

నాన్న నవ్వుతూ దాన్ని విప్పాడు. "నాను పాసవ్వకపోతే మల్లీ నువ్వే కుట్టాలి తల్లీ."

వేళాకోళమనుకున్నాను. పంతొమ్మిదేళ్ళ కుర్రాళ్ళ పక్కన కేడెట్‌గా నిలబడబోతున్న మనిషి భయమదని ఇప్పుడు తెలుస్తోంది.

బ్యాడ్జి అంచున నా నల్లదారం ఇంకా వేలాడుతోంది. ఆఫీసరయ్యాక కూడా నాన్న దాన్ని తెంపలేదు.