రోజా కొట్లో ఆరు కార్డులు

మా జాలర్ల కుప్పంలో రోజాను చూసి జాలిపడేవాళ్లకు కొదవలేదు. ముప్పై దాటినా పెళ్లి చేసుకోలేదని కొందరు, చేపల గంప ఎత్తకుండా కంప్యూటర్ ముందు కూర్చుంటుందని ఇంకొందరు. ఆ జాలి మాటలు వింటే నాకు ఒళ్లు మండుతుంది. నేను పక్కింటిదాన్ని, తనను చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను. జాలిపడాల్సిన మనిషి కాదు రోజా.

సూళ్లూరుపేటలో ఒక కంప్యూటర్ సెంటర్లో చాలాకాలం పనిచేసింది. దాన్ని మూసేస్తూ యజమాని వీడియో ఆటల కోసం వాడిన గ్రాఫిక్స్ కార్డులు అమ్మకానికి పెడితే, దాచుకున్నదంతా పోసి ఆరు కొనుక్కుంది. పులికాట్ సరస్సు ఒడ్డున వాళ్ల ఇంటి వెనక పాత వలల కొట్టు ఉంది. వాళ్లమ్మ పోయేముందు దాన్ని కూతురి పేరున రాయించింది. ఆ కొట్లో ఒక ఇనుప చట్రానికి ఆరు కార్డులూ బిగించి క్రిప్టో మైనింగ్ మొదలుపెట్టింది.

ఏమిటే ఇదంతా అని అడిగాను.

"లోకంలో ఎవరెవరో క్రిప్టో కాయిన్లు పంపుకుంటా ఉంటారు గదక్కా. ఆ లెక్కలు సరిచూసే పనిలో నా మిషన్ కూడా ఒక చెయ్యి వేస్తాది. కూలి కింద నాకూ కాస్త పడతాది" అంది.

కరెంటు బిల్లు పోను మిగిలేది గొప్పగా ఏమీ లేదు. అయినా అది ఆమె సొంత పని. దాన్ని ఎగతాళి చేసేవాళ్లలో మొదటివాడు సొంత అన్న గంగులయ్యే. అతనికి ఆ కొట్టు కావాలి, ఐసు పెట్టెలు పెట్టుకోవడానికి.

తండ్రి ముత్యాలయ్య మామ పడవ ఇంజిన్ల మెకానిక్కు. పడవ ఒడ్డుకు రాగానే ఇంజిన్‌ను మంచినీళ్లతో కడిగి, బ్యాటరీ కొసలకు గ్రీజు పూసి, ఆ తర్వాతే అన్నానికి కూర్చునేవాడు. ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది కాబట్టి మా వాళ్లందరిదీ అదే అలవాటు. నిరుడు మామ బాగుచేసిన గంగులయ్య పడవ ఇంజిన్ సరస్సు మధ్యలో ఆగిపోయింది. ఒడ్డుకు రాగానే అతను నలుగురి ముందు తండ్రిని పట్టుకుని, "నీ చేతిలో పనితనం పోయింది నాయనా, ఇంక నా ఇంజిన్ ముట్టుకోబాక" అనేశాడు. ఆ రోజు నుంచి మామ సామాన్ల పెట్టె తెరవలేదు.

ఈసారి వానలకు కరెంటు మాటిమాటికీ పోతుంటే రోజా మిషన్‌ను ఆపేసింది. వానలు వెలిశాక మళ్లీ ఆన్ చేస్తే ఆరు కార్డులకు రెండే తెర మీద కనబడ్డాయి. నెల్లూరు నుంచి వచ్చిన రిపేరు మనిషి అటూ ఇటూ చూసి, మదర్‌బోర్డు పోయింది, ఇక దీన్ని వదిలేసుకో అని చెప్పి వెళ్లాడు.

ఈ కబురు గంగులయ్యకు తీపి కబురైంది. చేపలు దించే చోట అందరి ముందూ చెల్లెల్ని ఆపాడు.

"ఆదివారం పెట్టెలు తెస్తుండా. ఆ ఇనుప సామాను తీసెయ్."

"ఆదివారానికి మిషన్ తిరగలేదంటే నేనే తీసుకొచ్చి బయట పెడతా. తిరిగితే మళ్లీ నువ్వు ఆ కొట్టు మాట ఎత్తకూడదు" అంది రోజా. అంతమంది ముందు ఇచ్చిన మాట, వెనక్కి తీసుకోవడానికి లేదు.

ఆదివారం పొద్దున నన్ను కొట్టు దగ్గరికి పిలిచింది. ముత్యాలయ్య మామ గుమ్మం దగ్గర కూర్చున్నాడు. రోజా కార్డులన్నీ ఊడదీసింది. బాగున్న కార్డు ఒక్కటే పెట్టి చూసింది, పనిచేసింది. దాన్నే బోర్డులోని ప్రతి స్లాటుకూ మార్చి మార్చి చూసింది. అన్ని చోట్లా పనిచేసింది.

"బోర్డు పోయిందన్నోడి నోట్లో మన్ను పడ" అంది.

బోర్డుకు కలిపే వైరూ స్లాటూ మార్చకుండా, కనబడని కార్డుల్లో ఒకటి పెట్టింది. రాలేదు. మిగతావి కూడా రాలేదు.

"నాలుగూ ఒకేసారి ఎట్టా చస్తాయక్కా?"

ఒక కార్డును వెలుగులోకి తెచ్చి చూసింది. దాని అంచున స్లాటులో దిగే బంగారు రంగు పళ్లు ఉంటాయి. వాటి మీద మసక పట్టింది. బొటనవేలితో రుద్దితే వేలు జారింది. వాసన చూసింది. పడవ గ్రీజు. దానికి ఇసుక దుమ్ము అంటుకుని పేరుకుపోయి ఉంది.

రోజా తల తిప్పి తండ్రి వైపు చూసింది.

"వానల్లో ఉప్పుగాలి కొడతా ఉండింది పాపా" అన్నాడాయన మెల్లగా. "నువ్వు ఊళ్లో లేవు. పళ్లు తుప్పు పడతాయని ఊడదీసి, కొట్లో ఉండే గ్రీజు నేనే పూసినా."

"మరి ఆ రెండింటికీ ఎందుకు పూయలేదు నాయనా?"

"డబ్బా అయిపోయింది."

నాకు నవ్వు ఆగలేదు. రోజా మాత్రం నవ్వలేదు. కోపంతో చేతిలోని కార్డును విసరబోయి, ఆయన మొహం చూసి మెల్లగా కింద పెట్టింది. స్పిరిట్ సీసా, గుడ్డ, పాత పళ్ల బ్రష్, పెన్సిల్ చెరిపే రబ్బరు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"నువ్వే పూసినావు, నువ్వే తుడువు."

మామ తుడిచాడు. పసిబిడ్డకు నోరు కడిగినంత మెత్తగా ఒక్కొక్క పన్నూ తుడిచాడు. స్లాటుల్లోకి పాకిన జిడ్డును రోజా బ్రష్‌తో తీసింది. కార్డులు మళ్లీ బిగిస్తుండగానే బయట ట్రాలీ ఆటో ఆగింది. గంగులయ్య ఐసు పెట్టెలతో వచ్చాడు.

రోజా అతని మొహమైనా చూడకుండా స్విచ్ వేసింది. ఫ్యాన్లు తిరిగాయి. తెర మీద కార్డులు ఒకటొకటిగా వచ్చి అయిదు దగ్గర ఆగిపోయాయి.

"ఒకటి చచ్చిందిగా" అన్నాడు గంగులయ్య.

"అయిదు బతికినాయి. మిషన్ తిరగతా ఉండాది. పెట్టెలు వెనక్కి తీసుకుపో."

అతను కదల్లేదు. కింద పడి ఉన్న గుడ్డ తీసి వాసన చూశాడు. "గ్రీజు! కంప్యూటర్‌కు గ్రీజు పూసిందెవురు?" అంటూ నేరుగా తండ్రి వైపు తిరిగాడు. ముత్యాలయ్య మామ జిడ్డు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. ఇక ఈ మాట రేపటికి రేవంతా పాకుతుంది.

"నేనే పూసినా" అంది రోజా. "కొట్టు నాది, మిషన్ నాది, తప్పు కూడా నాదే. నీకేం?"

గంగులయ్య గుడ్డ కింద పడేసి, పెట్టెలు దించొద్దని ఆటోవాడికి చెయ్యి ఊపాడు. రోజా ఆగిపోయిన ఆరో కార్డును ఊడదీసి, అన్న చూస్తుండగానే తండ్రి ముందుకు చాపింది.

"ఇది నువ్వు చూడు నాయనా. ఇంక ఈ కొట్లో రిపేరు పని నీదే."

మామ చేతులు ముందుకు తెచ్చి కార్డు అందుకున్నాడు.