సుగుణమ్మ విసిరిన పన్ను

గిర్మాజీపేటలోని ఆ సందులో ఏ పిల్లకు పాలపన్ను ఊడినా, అది నేరుగా సుగుణమ్మ కిరాణా కొట్టుకు రావలసిందే. సుగుణమ్మ తూకం ఆపేసి, కొంగు నడుముకు దోపుకుని, పక్కనే ఉన్న తన గూనపెంకుల ఇంటి ముందు నిలబడేది. "ఇల్లూ ఇల్లూ, పాతది నీకు, కొత్తది మాకు" అని పిల్ల చేత అనిపించి పన్నును ఇంటి మీదికి విసిరేది. నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "దాటింది కొప్పు!" అనేది.

పన్ను ఇంటి కప్పు పైఅంచైన కొప్పు దాటి అవతల పడితే కొత్తది వరుసలో వస్తుందనీ, ఇవతలే పడితే వంకరగా వస్తుందనీ ఆమె చెప్పిందే ఆ సందుకు శాస్త్రం. ఆమె విసిరిన పన్ను దాటకపోవడమన్నది ఎవరూ ఎరగరు. గాజుల షాపు మజర్ పాలపళ్లు కూడా ఆమె విసిరినవే. ఇప్పుడతని కూతురు నిఖత్ ఐదో తరగతి.

ఒక ఆదివారం నిఖత్, స్నేహితురాలు అక్షరకు చూపించాలని రెండు చేతులూ వదిలేసి సైకిల్ తొక్కి, వచ్చి కొట్టు అరుగుకు గుద్దుకుంది. లేచేసరికి నోటి నిండా రక్తం, అరచేతిలో ముందరి పన్ను. పిల్ల బావురుమంది. సుగుణమ్మ ఆమె నోరు కడిగించి, పెదవి మీద ఐస్ ముక్క పెట్టింది. ఏడ్చే పిల్లకు ధైర్యం చెప్పడానికి ఆమెకు తెలిసిన మార్గం ఇంకొకటే ఉంది. పన్ను అందుకుని విసిరేసింది.

"దాటింది కొప్పు! ఊకో బిడ్డా, ముత్యమసొంటిది వస్తది."

అప్పుడే, అక్షర వెళ్లి చెప్పడంతో, మజర్ ఫోన్ పట్టుకుని ఉరికొచ్చాడు. హనుమకొండలోని పళ్ల డాక్టర్ పూజ ఫోన్లో గట్టిగా చెబుతోంది: "పదేండ్ల పిల్లకు ముందరి పన్నంటే పాలపన్ను గాదు, ఇగ మల్ల రాదు. వేరు ముట్టకుండ, రుద్దకుండ పాలల్ల ఏసుకొని జల్ది తీస్కరాండ్రి. ఆరిపోతే అతుకది."

"పన్నేది?" అన్నాడు మజర్.

నిఖత్ ఏడుపు ఆపి ఇంటి కప్పు వైపు వేలు చూపించింది.

"అక్కా! ఏసినవా?"

"పాలపన్ను కాదంటరు, మల్ల పాలల్లనే ఎయ్యమంటరు. నాకేం ఎరుక?" అంది సుగుణమ్మ.

"కొప్పు దాటిందన్నది గదా, ఎనక సందుల చూద్దాం పాండ్రి!" అని మజర్ ఉరికాడు. వెనకాలే అక్షర, చుట్టుపక్కల ఆడవాళ్లు. సందంతా వంగి వెతుకుతోంది. ఎండ చురచుర కాలుతోంది.

సుగుణమ్మ కదలలేదు. పన్ను పడ్డ చప్పుడు ఆమె చెవిలోనే ఉంది. టక్! చూరు కింది రేకు కాలువలో. ఈ రోజే కాదు, ఇన్నేళ్లుగా ప్రతిసారీ అదే టక్. చెబితే సందులో తలెత్తుకోలేదు. చెప్పకపోతే ఈ పిల్ల నోట్లో పంటి సందు ఎప్పటికీ అట్లాగే ఉంటుంది. నిఖత్ రక్తపు పెదవులతో ఆమెనే చూస్తోంది.

"ఓ మజర్! ఇటు రా. దాటలే."

"ఏంది?"

"దాటలేదంటాన! ఎన్నడు దాటలే. కాల్వల ఉంటది, నిచ్చెనెయ్యి!"

ఆమె భర్త వీరభద్రం కొట్టులోంచి తల బయటపెట్టాడు. "ముప్పయ్యేండ్ల సంది దాటింది దాటింది అంటివి గదనే?"

"నువ్వు పాలపాకెట్ చించు ముందు!"

మజర్ నిచ్చెనెక్కి కాలువలో చెయ్యి పెట్టాడు. ఎండుటాకుల మధ్య నూకల్లా బోలెడు చిన్న పళ్లు! వాటి మీద పొడుగాటి వేరుతో, ఇంకా తడి ఆరని పన్ను ఒకటి.

"జర మంచిగ చూడు మజర్, అండ్ల నీయి గూడ ఉంటయి," అన్నాడు వీరభద్రం. "నిజంగ దాటించి ఉంటే ఎనక మోరీ నీళ్లల్ల పడి కొట్టుకపోతుండె. నా పెండ్లాం చేతుల బలం లేకపోవుడే మంచిదాయె."

స్టీలు గ్లాసు పాలలో పన్ను వేసుకుని తండ్రీకూతుళ్లు స్కూటర్ మీద హనుమకొండకు వెళ్లారు. డాక్టర్ పన్నును దాని చోట్లోనే నిలబెట్టి, పక్క పళ్లకు సన్నని తీగతో కట్టింది. నిలుస్తుందో లేదో కొన్ని నెలలు చూస్తేగానీ తెలియదంది. అప్పటి నుంచి సుగుణమ్మకు పొద్దున లేస్తే అదే పని. "ఏదీ, ఇగిలించు." పిల్ల ఇగిలించేది. తీగ తీసేసిన రోజు, పన్ను కదలడం లేదని చూశాకే సుగుణమ్మ కొట్టు తెరిచింది.

మరి కొన్నాళ్లకు అక్షర పన్ను ఊడింది. సుగుణమ్మ దాన్ని ముందు నిఖత్ చేతిలో పెట్టింది. నిఖత్ డాక్టరులా అటూ ఇటూ తిప్పి చూసింది.

"వేరు లేదు పెద్దమ్మా. పాలపన్నే. ఎయ్యి."

సుగుణమ్మ కొంగు దోపింది. విసిరింది. సందంతా చెవులు రిక్కించింది.

టక్.

సుగుణమ్మ నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది.

"దాటింది," అంది.

నిఖత్ అతికిన తన ముందరి పన్నుతో సహా అన్ని పళ్లూ బయటపెట్టి నవ్వింది.