పెద్దక్క అరగంట

ఆ ల్యాబులో వయసులో అందరికన్నా పెద్దది, హోదాలో అందరికన్నా చిన్నది పెద్దక్క. ఇరవై రెండేళ్ళుగా ఆవిడ పని కణాలు పెంచడం. పరిశోధకులు వస్తుంటారు, పోతుంటారు, కణాలు మాత్రం ఆవిడ చేతిలోనే పెరుగుతాయి. రోజు విడిచి రోజు వాటికి తిండి మార్చాలి కాబట్టి ఆవిడకి ఆదివారమని లేదు. "మీ చెయ్యి పడితేనే ఇవి బతుకుతాయి" అని ఎవరైనా అంటే కాదనదు. వినయం ఆవిడ దగ్గర పెద్దగా దొరకదు. పని వచ్చిన మనిషికి అదెందుకని నా ఉద్దేశం.

అవి మామూలు కణాలు కావు. మెదడులోని సన్నటి రక్తనాళాలకు గోడ కట్టే కణాలు. భుజం భుజం ఆనించి నిలబడి, రక్తంలో వచ్చిన ప్రతిదాన్నీ మెదడులోకి పోనివ్వవు. మెదడుకు అది రక్షణే కానీ, మంచి మందులు కూడా ఆ గుమ్మం దగ్గరే ఆగిపోతున్నాయి. ఈ సంగతి ఒకసారి భోజనాల దగ్గర చెబితే, బస్సు నడిపే మొగుడు "మా అమ్మలాగన్నమాట" అన్నాడు. అత్తగారికి చక్కెర జబ్బు, ఇంట్లో ఎవరినీ తీపి ముట్టనిచ్చేది కాదు.

"మీ అమ్మకన్నా ఇవే నయం. పంచదారనైనా రానిస్తాయి" అంది పెద్దక్క.

ఆ గుమ్మం తెరిపించడమే డాక్టరమ్మ ఏడేళ్ళ తపస్సు. డాక్టరమ్మంటే ల్యాబు పెద్ద, వైద్యం చేసే డాక్టరు కాదు. ఆ కణాల పైన రిసెప్టర్ అని ఒకటుంటుంది, కాలింగ్ బెల్ లాంటిది. సరైన మందు వచ్చి దాని మీద వాలితే లోపలికి కబురు వెళ్తుంది, కణాలు కాస్త పట్టు సడలిస్తాయి, కాసేపటికి మళ్ళీ బిగుసుకుంటాయి. ఆ కాసేపట్లో అసలు మందును లోపలికి పంపొచ్చని ఆవిడ నమ్మకం. అది నిజమని సోమవారం, పరిశోధనకు డబ్బిచ్చే కమిటీ ముందు చూపించాలి. వాళ్ళు ఒప్పుకుంటే పని ముందుకు సాగుతుంది, లేదంటే ఏడేళ్ళ పనికి అక్కడితో తెర పడుతుంది.

సందు తెరుచుకుందో లేదో కొలిచేది మీటరు. కణాల పొరకు అటూ ఇటూ రెండు కడ్డీలు పెడితే, బిగువుగా ఉంటే అంకె పెద్దది, వదులైతే చిన్నది. ఇందులో ఒక తిరకాసుంది. కణాల ప్లేటు వేడిగా ఉన్నా అంకె చిన్నదే వస్తుంది. చేరిన ఏడాదే ఈ దెబ్బ తిన్న పెద్దక్క, కణాలను వెచ్చగా ఉంచే ఇంక్యుబేటర్లోంచి తీసిన ప్లేటును అరగంట బల్ల మీద ఉంచందే కడ్డీ ముట్టనివ్వదు. పెద్దక్క ప్లేట్లకి కునుకు తీయిస్తోందని అందరూ ఆటపట్టిస్తారు.

అలాంటిది, ఆవిడ పంటినొప్పితో రెండు రోజులు సెలవు పెట్టినప్పుడు డాక్టరమ్మే కొలతలు తీసింది. గుమ్మం బార్లా తెరుచుకుంది! ల్యాబంతా ఒకటే సంబరం. ఆ అంకె కమిటీకి కూడా వెళ్ళిపోయింది. బుధవారం ఉదయం, ఇంకా వాచిన దవడతో వచ్చిన పెద్దక్క నోట్‌బుక్ తిరగేసింది. మందు వేసిన ప్లేట్లను తీసిన మూడు నిమిషాలకే కొలిచారు. మందు వెయ్యని వాటి వంతు వచ్చేసరికి నలభై నిమిషాలు గడిచి, అవి చల్లారిపోయాయి. అంటే, తెరుచుకున్నది గుమ్మమో, కనబడింది ఒట్టి వేడో చెప్పలేం.

చెబితే డాక్టరమ్మ ఏడేళ్ళు నీళ్ళపాలు కావచ్చు. ఊరుకుంటే తన చేత్తో పెంచిన కణాల మీద ఒక అబద్ధం నిలబడుతుంది. కడిగిన సీసాలనే మళ్ళీ కడిగి, చివరికి నోట్‌బుక్ పట్టుకుని వెళ్ళింది.

"మేడమ్, ఈ ప్లేట్లు చల్లారలేదు."

డాక్టరమ్మ మొహం మాడిపోయింది. మీ అరగంట గోల ఇప్పుడెందుకని విసుక్కుంది కూడా. తర్వాత టైములు చూసింది, స్టూలు మీద కూలబడింది. నోట్‌బుక్ మూసి, "మళ్ళీ చేద్దాం పెద్దక్కా. ఈసారి మీరే కొలవండి" అంది.

శుక్రవారానికి ఎదిగిన ప్లేట్లు పెద్దక్క దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ఏ ప్లేటులో మందుందో తనకు చెప్పొద్దంది. అరగంట ఆగి కొలిచింది. గుమ్మం తెరుచుకుంది, కాకపోతే మొదట అనుకున్నదాంట్లో సగమే. రిసెప్టర్‌ను ముందే మూసేసిన ప్లేట్లలో మందు వేసినా అంకె కదల్లేదు, అంటే ఆ బెల్ మోగితేనే గుమ్మం తెరుచుకుంటోందన్నమాట. సాయంత్రానికి తెరుచుకున్నవన్నీ తిరిగి బిగుసుకున్నాయి. సగమైనా నిజం నిజమే. పెద్దక్క ఆ రోజు సీసాలు కడుగుతూ కూనిరాగం తీసింది.

సోమవారం కమిటీలో ఒక పెద్దాయన, ముందు పంపిన అంకె సగానికి ఎందుకు పడిపోయిందని నిలదీశాడు. డాక్టరమ్మ నీళ్ళు నమల్లేదు. తాను వేడి ప్లేట్లు కొలిచానని, తప్పు పట్టుకున్న మనిషి వెనక వరసలో కూర్చుందని చెప్పింది.

"ఈ అంకెకు పూచీ ఎవరు?"

"ఆవిడే. నేను కొలిచింది నిలబడలేదు. ఆవిడ కొలిచింది నిలబడుతుంది."

అందరూ వెనక్కి తిరిగారు. ఇరవై రెండేళ్ళలో ఆ గదిలోకి పెద్దక్క రావడమే మొదటిసారి. అయినా చీర కొంగు సర్దుకుని దర్జాగా లేచి నిలబడింది.

"అరగంటెందుకమ్మా, ఇరవై నిమిషాలు చాలవా?" అన్నాడాయన.

"చాలవండి."

ఆయన మంజూరు కాగితం మీద ముప్పై అని రాసి, కింద సంతకం పెట్టాడు.