నుదుటి మీది రూపాయి

ఈ రోజు మధ్యాహ్నం భద్రాచలంలో పాత నాణేలమ్మే ఈశ్వరయ్య కొట్టుకు వెళ్లాను. కొత్తగా వచ్చిన వెండి రూపాయొకటి తీసి గుడ్డ మీద పెట్టాడు. రాణి బొమ్మ చెవి పక్కన నొక్కు, అంచున ఎవరి మెడ దండకో అతికించిన నాటి టంకం మరక. చూడగానే గుర్తుపట్టాను. అది నా స్నేహితుడు సోమయ్యది.

సోమయ్య కూడా నాలాగే నాణేలు పోగుచేసేవాడు కానీ, డీలర్లను నమ్మేవాడు కాదు. "నేను పోతే ఈ బిళ్ళ నా నుదుటనే పెట్టు. వాళ్ల చేతిలో పడనియ్యకు" అనేవాడు. పోయిన నెల వేంసూరులో ఆయన నుదుట దాన్ని పెట్టింది నేనే. మట్టి కప్పేదాకా అక్కడి నుంచి కదల్లేదు.

"ఇది ఎవరు తెచ్చిండ్రు?" అని అడిగాను.

"పొద్దుగాల ఒక పెద్దమనిషి వచ్చిండు సార్. పైసలొద్దన్నడు. మీ పేరు చెప్పి మీకే ఇయ్యమన్నడు. మాట్లాడినంతసేపు బిళ్ళ అంచును గోటితోటి గీకుకుంటనే ఉండె."

అది సోమయ్య అలవాటు. ఆయన బతికుండగా ఏనాడూ ఆ కొట్టు మెట్టెక్కలేదు.

ఎవరో గొయ్యి తవ్వి తెచ్చారని మీరంటారు. గొయ్యి తవ్వినవాడు పైసలొద్దని నా పేరు చెప్పి ఇచ్చిపోడు కదా, అలాగైతే ఈశ్వరయ్య నాతో అబద్ధమాడినట్టు. మీకేమనిపిస్తోందో చెప్పండి. ఇన్నేళ్లలో ఆయన నాతో ఒక్క అబద్ధమూ ఆడలేదు. ఈ ఒక్కసారి ఆడి ఉంటే బాగుండునని ఉంది.