ఒంటిగంట పది దగ్గర ఆగిన ధ్యానం

2007లో మా దినపత్రిక నన్ను హోసూరు విలేకరిగా వేసింది. కృష్ణగిరి వరకు వార్తలన్నీ నా పరిధిలోవే. చేరిన రెండో నెలలో డెస్కు ఒక ఫొటోవార్త పురమాయించింది. అంటే బొమ్మే ప్రధానం, కింద నాలుగు వాక్యాలు చాలు. బేరిగై దారిలో ఒక తెలుగు బడి పదో తరగతి పిల్లలకు బెంగళూరు నుంచి ఒక సంస్థవారు ఇంటర్నెట్‌లో ధ్యానం నేర్పుతున్నారు. నిబ్బరం, సొంతంగా నిర్ణయించుకోవడం వంటివి అలవడాలని ఉద్దేశం.

పాఠం ఒంటిగంటకు మొదలై అరగంటలో ముగియాలి. మంజుల అనే అమ్మాయి ముందే హెడ్మాస్టరుకు చెప్పుకుంది. మూడున్నరకు హోసూరులో జిల్లా ఖోఖో జట్టు ఎంపిక ఉంది, రెండు గంటల బస్సు తప్పితే ఏడాది సాధన వృథా.

“ఒకటిన్నరకంతా అయిపోతుందిలేమ్మా, కూర్చో,” అన్నారాయన.

తెర మీద గురువుగారు, తాను చెప్పేవరకు ఎవరూ కళ్లు తెరవకూడదని చెప్పి కళ్లు మూసుకున్నారు. పిల్లలూ హెడ్మాస్టరూ మూసుకున్నారు. మర్యాద కోసం నేనూ మూసుకున్నాను. ఆ నిశ్శబ్దంలోనే వార్త మొదటి పేరా మనసులో రాసేసుకున్నాను. అందులో ‘అపూర్వ ఏకాగ్రత’ అనే మాట పడింది.

బెంచీ కదిలిన చప్పుడుకు కళ్లు తెరిచాను. మంజుల లేచి నిలబడింది.

“యాడికమ్మా?” అన్నారు హెడ్మాస్టరు.

“బస్సుకు సార్. రెండు కావస్తా ఉంది. తెర మీద ఆయప్ప రెప్ప కూడా అల్లాడలేదు. లైను నిలిచిపోయినట్టుంది.”

“అదే ధ్యానమంటే. నిన్నెవురు కండ్లు తెరవమన్నారు?”

“ఆయన ఎనక గోడ గడియారం సూడండి సార్. ఇంకా ఒంటిగంట పదే. ఆడ పొద్దు పోదా?”

హెడ్మాస్టరు తెర వైపు, తన చేతి గడియారం వైపు చూశారు.

“బెంగళూరోళ్ల గడియారం సంగతి మనకెందుకమ్మా,” అని మళ్లీ కళ్లు మూసుకున్నారు. మంజుల సంచి తీసుకుని పరిగెత్తింది. మిగిలిన ముప్పై ఒక్కమందీ కదల్లేదు. నేనూ కదల్లేదు.

రెండుంబావుకు బొమ్మ కదిలింది. కళ్లు మూసుకున్న కాసేపటికే లైను తెగిందని గురువుగారు క్షమాపణ చెప్పి, ఇంతసేపూ అలాగే ఉన్నారా అని అడిగారు. ఒక్కరు తప్ప, అన్నారు హెడ్మాస్టరు గర్వంగా. సంస్థవారికి పంపే పత్రంలో మంజుల పేరు ఎదుట ‘నిగ్రహం చాలదు’ అని రాశారు.

మరుసటి వారం జిల్లా జట్టు జాబితా నా చేతికొచ్చింది. మంజుల పేరు మూడోది. ధ్యానం వార్త నేను పంపలేదు. అప్పటి నుంచి, ఎక్కడైనా అందరూ నిశ్శబ్దంగా ఉంటే కారణం రాసే ముందు గడియారం చూడడం అలవాటు చేసుకున్నాను.